మూడో కుదుపు

బుడుంగికి ప్రాణం లేదన్న సంగతి చిన్నదానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. దాని ఎముకలు కోసింది తనే. తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు. కీళ్ళు అతికింది తనే. పడవల్లో చేరిన నీళ్ళు తోడే బుల్లి మోటార్లు ఆరు సంపాదించి వాటికి రెక్కలు బిగించింది తనే. నడుమ అద్దంలా లోపలంతా కనపడే గొట్టపు డబ్బా, అందులో కెమెరా, వైర్లు. డబ్బాకు మూత, మూతకు రెండు రబ్బరు రింగులు. ముందు వస్తువులు పట్టుకునే కొక్కెం, వెనక తోక. తోకంటే ఇరవై మీటర్ల కేబులు. కరెంటైనా, ఎటు తిరగాలన్న ఆజ్ఞ అయినా అందులోంచే వెళ్ళాలి. కాలేజీ వెనక నీళ్ళ తొట్టిలో మొదటిసారి వదిలినప్పుడు అది బుడుంగున మునిగింది, మళ్ళీ తేలలేదు. ఆ పేరే ఖాయమైపోయింది.

చిన్నదంటే వయసుకు చిన్నదేం కాదు. ఇరవై నిండాయి, పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం. ఆమెకంటే ముందు పుట్టినవాడు నెల తిరక్కుండానే పోయాడు. అయినా అమ్మానాన్నలు వాడి వరుస వాడికే ఉంచేసి, ఈమెను ఎప్పుడూ చిన్నదనే పిలిచారు. జట్టులో మిగతా ఇద్దరూ అదే పేరు పట్టుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకతి టంకం. వైర్లకు టంకం పెట్టడంలో తిరిగిన చెయ్యి. నోరు కూడా టంకం కడ్డీ అంత వేడి. రెండోవాడు కళ్ళద్దాలు, బుడుంగిని నడిపే ప్రోగ్రాం రాసినవాడు. వాడు మనుషులతో మాట్లాడినదానికంటే కీబోర్డుతో చెప్పుకున్నదే ఎక్కువ.

విద్యార్థులకు ఏడాదికోసారి జరిగే నీటి రోబోల పోటీ అది. ఎనిమిది మీటర్ల లోతున్న ట్యాంకులోకి రోబో దిగాలి. ఇనప చట్రంలోంచి దూరాలి. అడుగున ఉన్న వాల్వు పిడి తిప్పాలి. ఆ పక్కనే పడేసిన ఇత్తడి రింగు పట్టుకుని పైకి రావాలి. పదిహేను నిమిషాల గడువు. ఎవరైనా తోకను చేత్తో లాగితే ఆట అక్కడితో సరి, సున్నా. మిగతా జట్లకు అదొక పోటీ. చిన్నదానికి మాత్రం అది వాళ్ళ నాన్న చెవి.

వాళ్ళ నాన్న జలాశయంలో డైవరు. నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళే గేట్ల ముందు, చెత్త లోపలికి పోకుండా, పెద్ద పెద్ద ఇనప జాలీలుంటాయి. ఏటా వానలకు ముందు ఆయన దిగి వాటిని ఊచ ఊచా తడిమి చూడాలి. ఏది వంగింది, ఏది తుప్పు తిన్నది, ఎక్కడ కొమ్మలు ఇరుక్కున్నాయి. బురద నీళ్ళు, కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. "నీళ్ళలో కళ్ళు వేళ్ళకు మొలుస్తాయి" అంటాడాయన. ఇరవై రెండేళ్ళ ఆ పనిలో కుడి చెవి ఎప్పుడో పోయింది. "పోతే పోయింది. మీ అమ్మ కుడిపక్కన పడుకుంటుంది, ప్రాణానికి హాయిగా ఉంది" అని నవ్వేవాడు.

ఆ నవ్వు ఈ ఏడాది మొదట్లో ఆగింది. ఎడమ చెవిలో హోరు పుట్టింది. చెవుల డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది చిన్నదే. డాక్టరు చెప్పింది నాన్నకు సగమే వినపడింది, ఆమెకు మొత్తం వినపడింది.

"దీని పని కూడా అయిపోవచ్చింది. ఇంకొక్కసారి లోతుకు దిగాడా, ఇదీ పోతుంది. పోతే మళ్ళీ రాదు."

బయటికి వచ్చాక నాన్న ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆఫీసులో ఎక్కడా అనకు."

"అనకపోతే మళ్ళీ దింపుతారు కదా నాన్నా!"

"అంటే ఇంటికి పంపుతారు. డైవరుకు ఒడ్డు మీద ఏం పనుంటుందే? కూర్చోబెట్టి కథలు చెప్పించుకుంటారా?"

ఆయన ఊరికే అన్న ఆ మాట ఆమె పట్టుకుంది. ఒడ్డు మీద పని. ఈ ఏడు పోటీకి ట్యాంకు ఇచ్చేది జలాశయం వాళ్ళేనని తెలిసిన రోజున, నాన్నకు చెప్పకుండా వెళ్ళి ఇంజనీరు గారి గది ముందు రెండు గంటలు నిలబడింది. ఆయన మంచివాడే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, చెప్పిందంతా ఓపిగ్గా వింటారు, కాగితం మీద మాత్రం ఒక్క ముక్క పెట్టరు. అయినా నోటిమాటైతే ఇచ్చాడు.

"మీ మిషను అడుగుదాకా దిగి, వాల్వు తిప్పి, రింగు తెచ్చిందనుకో, వచ్చే నెల గేట్ల తనిఖీకి మిషనే దింపుదామని పైకి రాస్తాను. కెమెరాలో కనపడే ఊచ ఏ ఊచో చెప్పడానికి ఒడ్డున మనిషి కావాలి కదా. మీ నాన్నకంటే వాటిని ఎరిగినవాడెవడు? తేలేదా, నన్నేం అనొద్దమ్మా. ఎప్పట్లాగే డైవరే దిగుతాడు."

ముందే చెప్పేయడం మర్యాద: బుడుంగి గెలవలేదు. ఎలా ఓడిందన్నదే చెప్పాలి. ఎందుకంటే అలా ఓడిపోవడం ఆ ఇంటి పిల్లకు తప్ప ఇంకొకరికి చేతకాదు.

ఆరు నెలలు పట్టింది బుడుంగికి. అందులో నాలుగు నెలలు అది మునగడం, వీళ్ళు తీయడం, ఆరబెట్టడం. మొదటి డబ్బా మూత దగ్గర కారింది. రెండో డబ్బా వైర్లు లోపలికి దూరే కంత దగ్గర కారింది. మూడోది ఎక్కడ కారుతోందో ఎవరికీ అంతు చిక్కలేదు గానీ కారడం మాత్రం మానలేదు. "ఇది రోబో కాదే, చేపల తొట్టి. నాలుగు చేపల్ని వేసి అమ్మాయిల హాస్టల్లో పెట్టేద్దాం" అంది టంకం. చివరికి చిన్నది రబ్బరు రింగులకు గ్రీజు రాసి, ఒక్క వెంట్రుక గానీ నలుసు గానీ అంటకుండా, ఊపిరి బిగబట్టి మూత వేయడం నేర్చుకుంది. ఆ తర్వాత నీళ్ళు రాలేదు. ఆ రోజు ముగ్గురూ తొట్టి గట్టు మీద కూర్చుని ఎండిపోయిన డబ్బా లోపలికి చాలాసేపు చూశారు. ఈ కథలో సంతోషం అంటూ ఉంటే అదే.

ఇక తాడు బాబాయి గురించి చెప్పాలి. నాన్నకు సొంత తమ్ముడు. నాన్న నీళ్ళలోకి దిగితే ఆయన నడుముకు కట్టిన తాడు ఒడ్డున పట్టుకునేది ఈయన. ఇరవై ఏళ్ళు నీళ్ళ పక్కనే బతికి కూడా ఈత నేర్చుకోలేదు, మోకాలు దాటి తడవలేదు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "ఇద్దరం దిగితే తాడెవడు పడతాడు, మీ తాతా?" అని దబాయిస్తాడు.

ఆ తాడుకు మూడే మాటలు వచ్చు. ఒక కుదుపు పైనుంచి వెళితే 'బాగున్నావా', కిందనుంచి వస్తే 'బాగున్నాను'. రెండు కుదుపులు వస్తే 'తాడు వదులు'. మూడు వస్తే 'పైకి లాగు'. చిన్నది అక్షరాలకంటే ముందు వీటిని నేర్చుకుంది. నాన్న తాడు కట్టుకుని మంచం కింద దూరేవాడు, ఆమె మంచం మీద తాడు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు మూడు కుదుపులు వచ్చినా లాగలేదు. బొమ్మకు జడ వేస్తోంది. ఏనాడూ గొంతు పెంచని బాబాయి ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఎందుకు లాగలేదే? ఇదే నిజంగా నీళ్ళయితే?"

"ఎందుకు లాగుతున్నాడా అని ఆలోచిస్తున్నా బాబాయ్" అని అబద్ధమాడింది ఏడేళ్ళ పిల్ల.

"ఆలోచించేవాళ్ళు తాడు పట్టకూడదు. మూడు వచ్చాయా, లాగు. ఆలోచన ఉంటే తర్వాత తీరిగ్గా చేసుకో."

పిల్ల ఆ మాట బుర్రలో పెట్టుకోలేదు, చేతుల్లో పెట్టుకుంది. బుర్రలో పెట్టుకున్నదైతే పెద్దయ్యాక మరిచిపోవచ్చు.

పోటీకి ముందు రోజు బాబాయి బుడుంగిని చూడటానికి కాలేజీ వర్క్‌షాపుకు వచ్చాడు. అంతకుముందు వచ్చినప్పుడు కేబులు పొడుగునా ఒక సన్నటి నైలాను తాడు చేర్చి, బుడుంగి చట్రానికి తన చేత్తోనే ముడి వేసి వెళ్ళాడు. ఎవరు లాగినా, ఎక్కడ బిగిసినా బరువు తాడు మీద పడాలని, కేబులు మీద పడకూడదని. ఇప్పుడు ఆ తాడు లేదు.

"తాడేదే?"

"తీసేశాను బాబాయ్. తోక బరువైపోయి అది తిరగడం లేదు. పదిహేను నిమిషాలు చాలవు."

"తాడు లేనిదాన్ని నీళ్ళలోకి దింపుతారా ఎవరైనా?"

"లాగితే సున్నా బాబాయ్. లాగకూడనిదానికి తాడెందుకు?"

"ఏమన్నా అయితే?"

"అయితే అవుతుంది. దానికేం ప్రాణముందా, పైకి లాగి కాపాడటానికి?"

బాబాయి బల్ల కింద పడున్న తాడు బయటికి తీశాడు. చదువుకున్న పిల్ల, లెక్క సరిగ్గానే ఉంది. ఆ తాడును చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం కళ్ళద్దాలు తొట్టిలో ఒక ఇటుక వేసి, బుడుంగి పట్టుకొక్కాన్ని దానికి కావాలనే ఇరికించాడు. "చూడండి, ఎక్కడైనా ఇరుక్కుంటే దానంతటదే విడిపించుకుంటుంది. మూడుసార్లు వెనక్కి తన్నుకుంటుంది. మూడింటికీ రాకపోతే అప్పుడు మనం చూసుకోవాలి" అన్నాడు. వాడు అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. బుడుంగి ఒకటి, రెండు, మూడు తన్నులు తన్ని విడిపించుకుంది. నడుములోతు తొట్టి, తోక గట్టు మీద చుట్టగా పడుంది, ఎవరి చేతిలోనూ లేదు. చిన్నది మూత దగ్గర బుడగలేమైనా వస్తున్నాయా అని చూస్తోంది. వాడి మాట విన్నది కూడా. విన్నది ఆమె చెవులు. చేతులకు ఎవరూ చెప్పలేదు.

పోటీ జలాశయం వాళ్ళ పాత వాల్వుల షెడ్డులో. రేకుల కప్పు, నాచు పట్టిన సిమెంటు గట్టు, గాలి పీలిస్తే బ్లీచింగు వాసన. మధ్యలో ట్యాంకు, కిందికి చూస్తే ముందు ఆకుపచ్చగా, ఆ తర్వాత నల్లగా. పదకొండు జట్లు. మూలన, ఇనప మెట్ల పక్కన, నల్ల రబ్బరు సూటు వేసుకుని మాస్కు ఒళ్ళో పెట్టుకుని నాన్న కూర్చుని ఉన్నాడు. పక్కన గాలి పంపు, దాని గొట్టం. చిన్నది ఆయన్ని చూసింది. పరుగున వెళ్ళి ఎడమ చెవి దగ్గర వంగింది.

"నువ్వెందుకొచ్చావు నాన్నా?"

"నీళ్ళలో పని జరిగేచోట డైవరుండాలని రూలు. ఊరికే కూర్చోవడమేలే. టిక్కెట్టు లేని సినిమా."

గాలి పంపు చూసే మనిషి ఆ రోజు రాలేదు. బాబాయే పంపు దగ్గర నిలబడ్డాడు, తాడు కూడా తన భుజానే వేసుకుని.

వీళ్ళ వంతు నాలుగోది. నడిపేవాళ్ళకు ట్యాంకు కనపడకూడదు, కెమెరాలో చూసే నడపాలి. కాబట్టి కళ్ళద్దాలు, టంకం తెర వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. గట్టు మీద తోక పట్టుకునేది ఒక్కరే. కేబులు బిగియకుండా వదులుతూ ఉండాలి, లాగకూడదు. ఆ పని చిన్నదే చేయాలని వేరే అనుకోవాల్సిన పని లేకపోయింది. డైవరు కూతురు కదా!

బుడుంగి మునిగింది. తోక ఆమె వేళ్ళ మధ్యనుంచి మెల్లగా జారుతూ పోయింది. రెండు మీటర్లు, నాలుగు, ఆరు. కిందనున్నదాని బరువు, వణుకు, మలుపు అన్నీ ఆ కేబుల్లోంచి చేతికి తెలుస్తున్నాయి. చట్రంలోంచి దూరిందని తెర వెనకనుంచి టంకం కేక వేసింది. కాసేపటికి, "పిడి పట్టుకుంది! తిరుగుతోందే, తిరుగుతోంది!" అని ఇంకో కేక. జడ్జి ఈల వేశాడు. అంతకుముందు దిగిన మూడు జట్లలో వాల్వుదాకా వెళ్ళింది ఒక్కటే. తిప్పింది ఏదీ లేదు. అవతలి గట్టున ఇంజనీరు గారు మెడ ముందుకు చాచాడు. చిన్నది ఒక్కసారి తల తిప్పి నాన్నవైపు చూసింది. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు.

అప్పుడు కేబులు చేతిని కుదిపింది. ఒకటి. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి.

చిన్నది లాగింది.

రెండు చేతులతో, నడుము వెనక్కి వాల్చి, మంచం కిందనుంచి నాన్నను లాగినట్టు, శక్తికొద్దీ లాగింది. కింద ఇనప చట్రం అంచుకు పట్టి ఆగింది, తర్వాత పుటుక్కుమంది. కేబులు ఒక్కసారి తేలికైపోయి ఆమె గట్టు మీద వెల్లకిలా పడింది. లేచి లాగితే కొస పైకి వచ్చింది. కొసన నాలుగు రంగుల వైర్లు విడిపోయి వేలాడుతున్నాయి. నీటి మీదికి బుడగలు తెల్లగా పైకి వచ్చి, సన్నబడి, ఆగిపోయాయి. తెగేదాకా లాగకూడదని పెద్దలు మాటవరసకు అంటారు. ఆమె కళ్ళముందు తెగిపడింది మాటవరస కాదు.

తెర తోసుకుని కళ్ళద్దాలు బయటికి వచ్చాడు. "విడిపోయింది! మూడో తన్నుకు విడిపోయింది! రింగు ఎదురుగా ఉంది, జానెడు దూరం... ఎవరు లాగారు?" ఆమె చేతుల్లోని కేబులు చూసి ఆగిపోయాడు. టంకం తెగిన కొస చేతిలోకి తీసుకుని వైర్లు ఒక్కొక్కటీ చూసింది.

ఇంజనీరు గారు "అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత గడియారం చూసుకున్నాడు. ఇంకా ఏడు జట్లున్నాయి. బుడుంగి వెళ్ళి వాల్వు కిందనే దూరి పడింది. అక్కడుంటే మిగతావాళ్ళ తోకలు దానికి చుట్టుకుంటాయి. పొడుగు కర్రకు కొక్కెం కట్టి రెండుసార్లు ప్రయత్నించారు. కర్ర అందలేదు. ఇక ఆయన మూలనున్న మెట్లవైపు చూశాడు. నాన్న అప్పటికే లేచి నిలబడి మాస్కు తుడుచుకుంటున్నాడు.

"సార్, వద్దు సార్! మా నాన్న చెవి..." అంది చిన్నది.

"చెవి బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు నాన్న నవ్వుతూ. "మిషను పోయిందని బెంగ. పిల్ల కదా, ఏదో మాట్లాడుతోంది."

మంచివాడైన ఇంజనీరు గారు ఇద్దరి మాటా విన్నాడు. పనికొచ్చే మాట నమ్మాడు.

బాబాయి తాడు విప్పి నాన్న నడుముకు కట్టాడు. పంపు దగ్గరా తనే ఉండాలి, తాడూ తనే పట్టాలి. ఎలాగా అని చూస్తుంటే నాన్న రెండో కొస తీసుకుని చిన్నదాని చేతిలో పెట్టాడు.

"నేను పట్టను నాన్నా."

"ఏం?"

"ఈ చేతులతోనే కదా..."

నాన్న ఆమె పెదాలవైపు, చేతులవైపు చూసి దగ్గరికి వంగాడు. "మూడు వచ్చాయి, లాగావు. అందులో తప్పేముందే? అక్కడున్నది నేనైతే బతికేవాణ్ణి." తాడు ఆమె పిడికిట్లో పెట్టి పిడికిలి మూశాడు.

ఆయన దిగాడు. తాడు జారింది. బురద నీళ్ళు కావు, ఎంతో లోతు కాదు, ఆయనకు ఇది వాకిట్లో తిరిగినట్టు. చిన్నది ఒకసారి కుదిపింది. ఒకటి తిరిగి వచ్చింది. బాగున్నాను. కాసేపటికి రెండు వచ్చాయి, ఆమె తాడు వదిలింది. ఆయన వాల్వు కింద దూరుతున్నాడని చేతికి తెలిసింది. బాబాయి పంపు చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

ఒక కుదుపు. ఒక కుదుపు. తర్వాత కొంచెం ఆగి, ఇంకొకటి, మెత్తగా.

ఆమె చేతులు లేవబోయి ఆగాయి.

ఇది మూడేనా? రెండూ, ఒకటా? బుడుంగిని వాల్వు కిందనుంచి పీకుతుంటే తాడు తగిలిందా? ఇప్పుడు లాగితే, ఆయన ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే? ఇందాక లాగినట్టే మళ్ళీ లాగితే? ఏడేళ్ళ వయసులో అబద్ధమాడిన పిల్ల ఇప్పుడు నిజంగానే ఆలోచించింది. నాలుగు సెకన్లో, అయిదో. పంపు దగ్గరనుంచి బాబాయి తల తిప్పి ఆమె చేతులు చూశాడు.

"లాగవే! ఏం చూస్తున్నావు, లాగు!"

లాగింది. టంకం వచ్చి పట్టుకుంది, కళ్ళద్దాలూ వచ్చాడు, ముగ్గురూ లాగారు. నాన్న పైకి వచ్చాడు, గుండెకు బుడుంగిని హత్తుకుని. గట్టు మీదికి ఎక్కించి మాస్కు తీస్తే, ఆయన నిలబడలేక పక్కకు ఒరిగి, సిమెంటు నేలను రెండు చేతులతో పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఎడమ చెవి కిందనుంచి సన్నగా రక్తం. కింద ఉన్నట్టుండి తల తిరిగిపోయిందట. పైనేదో కిందేదో తెలియలేదట. మూడోసారి కుదపడానికి తాడు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందట. అవన్నీ తర్వాత చెప్పాడు.

"నాన్నా! నాన్నా!"

ఆయన ఆమె నోటివైపు చూశాడు. చూసి నవ్వాడు. షెడ్డు మొత్తం వినపడేంత గట్టిగా, తన గొంతు తనకు తెలియని మనిషిలా, "గట్టి మిషనే చేశారే! ఎక్కడా విరగలేదు!" అని అరిచాడు.

డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేశాడు. "దిగుతున్నప్పుడే పోయుండొచ్చు. అడుగున ఉన్నప్పుడు పోయుండొచ్చు. తొందరగా పైకి తెచ్చుంటే నిలిచేదా అంటే, ఎవరూ చెప్పలేరమ్మా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. తప్పు నీదే అని ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. ఎవరూ చెప్పలేరన్న మాటను ఏం చేసుకోవాలో తెలియక ఇంటికి తెచ్చుకుంది.

ఏనాడూ కాగితం మీద ఏదీ పెట్టని ఇంజనీరు గారు ఈసారి పెట్టాడు. నీటి యంత్రాలు ఇంకా నమ్మదగినవి కావని పోటీలో తేలినందున, గేట్ల తనిఖీ ఎప్పటివలె డైవరు చేతనే జరపవలెనని. కింద డైవరు ధైర్యసాహసాలను మెచ్చుకుంటూ రెండు వాక్యాలు. కాగితం ఇంటికి తెచ్చినవాడు బాబాయి. ఇలా వినపడని మనిషిని దింపుతారా అని బాబాయే ఇంజనీరు గారిని అడిగాడట. దానికి ఆయన, గాయం మానేదాకా ఆగుదాం, అయినా నీళ్ళలో మీ పనంతా తాడుతోనే కదా అన్నాడట. బాబాయి ఇదంతా పలక మీద రాసి చూపిస్తే నాన్న చదివి తలూపాడు.

"నిజమే కదరా. ఇక పోవడానికి ఇంకో చెవి లేదు, భయం కూడా లేదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగసాగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. అడుగు తడవకుండా సముద్రం దాటవచ్చు గానీ కన్ను తడవకుండా సంసారం దాటలేమని ఆమె ఎప్పుడూ అంటూ ఉండేది. ఆ రోజు అనలేదు. ఈ మధ్య ఆమె అలవాటుకొద్దీ నాన్నకు ఎడమపక్కకు వచ్చి మాట్లాడి, సగంలో గుర్తొచ్చి ఆగిపోతోంది.

ఇంట్లో పిలవడానికి ఉపాయం కనిపెట్టింది బాబాయే. ఆ రోజు వర్క్‌షాపునుంచి చంకలో పెట్టుకు వెళ్ళిన నైలాను తాడు తెచ్చాడు. ఒక కొస నాన్న కుర్చీ చేతికి కట్టాడు, రెండో కొస వంటింటి గడప దగ్గర మేకుకు తగిలించాడు. భోజనానికి రావాలంటే ఒకటి లాగితే సరి. బుడుంగి మెట్ల కింద, పాత చెప్పుల పక్కన ఆరిపోయి పడి ఉంది. దాని పట్టుకొక్కెం ఇంకా తెరుచుకునే ఉంది.

తనిఖీ రేపనగా, మధ్యాహ్నం, చిన్నది వంటింటి గడప మీద కూర్చుంది. ఎదురుగా గదిలో నాన్న వీపు కనపడుతోంది. ఎడమ చెవి మీద అరచెయ్యి కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో. నేను లెక్కపెట్టాను నాన్నా, అని చెప్పాలనుంది ఆమెకు. ఆలోచించాను, ఆలోచించకూడదని తెలిసీ ఆలోచించాను అని. పలక మీద రెండుసార్లు రాసి రెండుసార్లూ తుడిచేసింది. మేకునుంచి తాడు తీసుకుంది. దానికి మూడే మాటలు వచ్చు, అందులో ఇది లేదు.

ఒకసారి కుదిపింది. బాగున్నావా.

నాన్న వీపు కదల్లేదు. చెవి మీది చెయ్యి మెల్లగా కిందికి దిగి, కుర్చీ చేతిని తడిమి, తాడును వెతుక్కుంది. వెనక్కి తిరక్కుండానే ఒకసారి కుదిపాడు. బాగున్నాను.

చిన్నది తాడు బిగువు సడలనివ్వకుండా, ఇంకో రెండు వస్తాయేమోనని పట్టుకునే కూర్చుంది. రాలేదు.